రబ్బరుతో చెరిపేసిన 2.31

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకులకు, రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ ఉత్తరం ఒకే ఒక్క పాఠం గురించి రాస్తున్నాను: సాంద్రత. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది. సూత్రం రాయడానికి అర నిమిషం పట్టదు. కానీ మన బడుల్లో కొలవడం అనే పని ఎలా నడుస్తోందో ఈ పాఠంలో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

కిందటేడు మా బడి పక్కన ఇల్లు కడుతున్నచోట పారేసిన గ్రానైట్ ముక్కలు ఏరుకొచ్చి తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చాను. సాంద్రత కనుక్కోమన్నాను. ఒక అమ్మాయి తన రాయిని తూచింది, 67 గ్రాములు. కొలజాడీలో 50 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పోసింది. రాయికి దారం కట్టి నెమ్మదిగా దించింది. నీటి మట్టం 79 అని రాసుకుంది. తేడా 29. భాగిస్తే 2.31 వచ్చింది. పక్క బల్ల మీద స్నేహితురాలికి 2.68 వచ్చింది. ఈ అమ్మాయి అటు చూసింది, తన పుస్తకం చూసుకుంది, రబ్బరు తీసి 79ని చెరిపి 75 అని రాసింది. లెక్క మళ్లీ వేసింది. ఇప్పుడు ఆమెకూ 2.68. చెరిపిన అంకె మాత్రం కాగితం మీద గాడిలా మిగిలిపోయింది. వేలితో తడిమితే తగులుతుంది.

"ఎందుకమ్మా చెరిపావు?" అని అడిగాను.

"తప్పు వచ్చింది టీచర్. గ్రానైట్‌కి 2.7 దాకా రావాలని గైడులో ఉంది."

ఆ పిల్ల అబద్ధం ఆడిందని నేను అనుకోవడం లేదు. ఆరో తరగతి నుంచి మనం నేర్పిందే చేసింది. ముందే తెలిసిన జవాబు ఒకటి ఉంటుందనీ, ప్రయోగమంటే ఎలాగో ఆ జవాబు దగ్గరికి చేరడమేననీ, చేరకపోతే మార్కులు పోతాయనీ ఆమెకు బాగా తెలుసు.

ఇద్దరం కలిసి మళ్లీ చేశాం. మొదటిసారి నీటి మట్టం చూసినప్పుడు ఆమె బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కళ్లు గీతకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. రాయి దించాక చుట్టూ పిల్లలు మూగారు. కూర్చునే చోటు లేక నిలబడి పైనుంచి చూసింది. గీతలు జాడీ గోడ మీద ఉంటాయి, నీటి మట్టం అడుగు వంపు జాడీ మధ్యలో ఉంటుంది. పైనుంచి ఏటవాలుగా చూస్తే చూపు అసలు మట్టం కంటే పై గీతను దాటుకుంటూ వెళుతుంది. అందుకే 75 కాస్తా 79 అయింది. మళ్లీ మోకాళ్ల మీద కూర్చోమన్నాను. చూసి "75 టీచర్!" అని అరిచింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడి 79 చూసింది, మళ్లీ కూర్చుని 75 చూసింది. అలా నాలుగైదు సార్లు లేచీ కూర్చునీ చూస్తూనే ఉంది. ఆ రోజు నా తరగతిలో జరిగిన అసలు చదువు అదే. ఆమె చెరిపేసిన అంకెను నేను చూడకపోయి ఉంటే ఆ చదువు జరిగేదే కాదు.

అందుకే నా విన్నపం ఒక్కటే. సాంద్రత పాఠంలో సరైన జవాబుకు మార్కులు ఇవ్వడం ఆపండి. పిల్ల తన చేతులతో తీసిన కొలతకు, ఆ కొలత ఎందుకు అలా వచ్చిందో చెప్పిన మాటకు మార్కులు ఇవ్వండి.

ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు అనే విద్యా ప్రమాణాన్ని మీరే పెట్టారు. మంచి ఆలోచన. ఆచరణలో అది రాతపరీక్షలో ఒక ప్రశ్నగా మారింది. ఉద్దేశం, పరికరాలు, విధానం, పట్టిక, ముగింపు అన్నీ గైడు చూసి బట్టీ పట్టి రాస్తున్నారు. కొలజాడీని ఒక్కసారి కూడా ముట్టుకోని పిల్లవాడు దాని గురించి పూర్తి మార్కుల జవాబు రాయగలడు. పదో తరగతి పరీక్షల్లో విడిగా ప్రయోగ పరీక్ష లేదు. ప్రయోగశాలలో కూర్చుని పరీక్ష రాయడం పిల్లలకు ఇంటర్‌లోనే మొదటిసారి ఎదురవుతుంది. అప్పటికి రబ్బరు అలవాటు ముదిరిపోయి ఉంటుంది.

భాషకు సంబంధించిన చిక్కు కూడా ఒకటి ఉంది. పాఠం మొదలుపెట్టకముందే "సాంద్రత అంటే ఏమిటి?" అని అడిగితే మా పిల్లల్లో ఎక్కువమంది "చిక్కదనం" అంటారు. అది తెలుగు మాట వల్ల వచ్చిన నమ్మకం. దాని ప్రకారం నూనె నీళ్ల కంటే చిక్కన, కాబట్టి నూనెకే సాంద్రత ఎక్కువ అని తేల్చేస్తారు. మరి నూనె నీటి మీద ఎందుకు తేలుతుందని అడిగితే తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని నిర్వచనం చెప్పి పోగొట్టలేం. మందుల దుకాణంలో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి కొని, సూది తీసేసి, ఖాళీగా తూచి, వేరుశనగ నూనెతో నింపి మళ్లీ తూచమంటాను. నూనె 18 గ్రాముల చిల్లర తూగుతుంది. అదే సిరంజిలో నీళ్లు 20 గ్రాములు, గ్లిజరిన్ 25 గ్రాములు. నూనె, గ్లిజరిన్ రెండూ చిక్కనివే. ఒకటి నీటి కంటే తేలిక, మరొకటి నీటి కంటే బరువు. చిక్కదనం వేరు, సాంద్రత వేరు అన్న సంగతి పిల్లలు ఆ మూడు అంకెలు చూసి తామే చెబుతారు. పాఠ్యపుస్తకంలో ఈ పాఠం మొదట్లో ఈ చిక్కదనం ముచ్చటను ఒక పేరా రాయించండి. వేరే భాషలో పుస్తకం రాసేవాళ్లకు ఇది తట్టదు, తెలుగులో రాసేవాళ్లకే తట్టాలి.

మన ఇళ్లలో ఈ పాఠానికి కావలసిన అనుభవానికి కరువు లేదు. మానికతో కొలిచిన కాలం అమ్మమ్మలకు ఇంకా గుర్తుంది. మానికెడు బియ్యం, మానికెడు మరమరాలు ఒకే బరువు ఉండవని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. "కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా?" అన్న పొడుపు ప్రశ్న వినని పిల్ల లేదు. పొలాల్లో వరి విత్తనాలను ఉప్పునీటిలో పోసి, పైకి తేలిన తాలు గింజలు తీసేసి, మునిగినవే నారుకు వాడతారు. ఉప్పు కలిపే కొద్దీ నీటి సాంద్రత పెరుగుతుంది, అరకొర గింజలు కూడా పైకి వస్తాయి. ఇది తెలిసిన రైతు కొడుకు మా తరగతిలో కూర్చుని సూత్రం అప్పజెబుతాడు తప్ప, తన పొలంలో జరిగేదీ ఇదీ ఒకటేనని అనుకోడు.

పాల సంగతి మరీ దగ్గరిది. మా ఊళ్లో పాల కేంద్రానికి రోజూ పాలు పోసే ఇళ్ల నుంచి నా తరగతికి కనీసం పది మంది వస్తారు. పాల సాంద్రత చూసే లాక్టోమీటర్ వాళ్లకు కొత్త కాదు. మీ సంస్థలు రాయించిన పాఠ్యపుస్తకంలో ఖాళీ రీఫిల్లుతో లాక్టోమీటర్ చేసే కృత్యం ఉంది. ఆ కృత్యం రాసినవారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కాకపోతే అది అక్కడితో ఆగిపోతుంది. నేను పిల్లలకు ఇంకో మెట్టు ఎక్కిస్తాను. పాలలో నీళ్లు కలిపితే సాంద్రత తగ్గుతుంది. మరి మీగడ తీసేస్తే? వెన్న నీటి కంటే తేలిక కాబట్టి అది పోయిన పాల సాంద్రత పెరుగుతుంది. అంటే మీగడ తీసి, ఆ తర్వాత తగినన్ని నీళ్లు కలిపితే లాక్టోమీటర్ మంచి పాలనే చూపిస్తుంది. అందుకే పాల కేంద్రంలో వెన్న శాతం కూడా చూస్తారు, రెండూ కలిపి ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) లెక్క కడతారు. ఈ మాట చెప్పిన రోజు ఒక కుర్రాడు ఇంటికి వెళ్లి తండ్రి పాల చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క కొలత ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఆ చీటీ ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాం.

కడప ప్రాంతంలోని మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనుల గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. ఆ రాయి సాంద్రత నీటికి నాలుగు రెట్లకు పైనే. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపెట్టడానికి బురదను బరువెక్కించాలి. ఆ పనికి ఈ రాయి పొడి కావాలి. సాపేక్ష సాంద్రత 4.2 ఉన్న సరుకుకు ఒక ధర, తగ్గితే మరో ధర. రాష్ట్రానికి డబ్బు తెచ్చే రాయి విలువను తేల్చేది ఈ పాఠమే. అలాంటి రాయి ముక్కనొకదాన్ని, గ్రానైట్ ముక్కనొకదాన్ని ప్రతి ఉన్నత పాఠశాలకూ పంపండి. చేతిలోకి తీసుకున్న మరుక్షణం పిల్లల మొహాలు మారిపోతాయి. ఒకే పరిమాణం, రెండు బరువులు.

పరికరాల విషయం. నేను చేరిన మొదటి బడిలో గాజు కొలజాడీలు ఉండేవి, బీరువాలో తాళం వేసి. ఒకటి పగిలితే స్టాకు రిజిస్టరులో రాయాలి, డబ్బు ఎవరు కట్టాలన్న మాట వస్తుంది. ఆ భయానికి తాళం తీసేవాళ్లు కాదు. తనిఖీ రోజున మాత్రం జాడీలన్నీ బల్ల మీదికి వచ్చేవి, దుమ్ము తుడుచుకుని. ఆ బడిలో నేనూ రెండేళ్లు సాంద్రతను నల్లబల్ల మీదే చెప్పాను. ఆ పిల్లలకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటుంది. వాళ్లకు నేను బాకీ పడ్డాను. ప్రయోగంలో పగిలిన సామాను ఉపాధ్యాయుల నుంచి వసూలు చేయబోమని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. సగం బీరువాలు ఆ రోజే తెరుచుకుంటాయి.

నిజానికి ఈ పాఠానికి గాజు సామానే అక్కరలేదు. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు, ఒక గ్లాసు, ఒక దారం చాలు. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. రాయిని దారంతో పట్టుకుని నీటిలో పూర్తిగా మునిగేలా, అడుక్కీ గోడకూ తగలకుండా వేలాడదీయాలి. త్రాసు 25 గ్రాములు చూపిస్తే ఆ రాయి ఘనపరిమాణం 25 ఘన సెంటీమీటర్లు. మొదటిసారి చూసినప్పుడు పిల్లలు నమ్మరు. "రాయి నా చేతిలో ఉంది, అడుక్కి తగలనే లేదు, బరువు ఎలా పెరిగింది టీచర్?" అని అడుగుతారు. నీరు రాయిని పైకి నెడుతోంది, అంతే బలంతో రాయి నీటిని కిందికి నెడుతోంది. ఆర్కిమెడిస్ సూత్రం, న్యూటన్ మూడో నియమం రెండూ ఒకే గ్లాసులో కనబడతాయి. కొలజాడీలోలా కంటిచూపు వల్ల వచ్చే దోషం ఇందులో ఉండదు. రెండు పద్ధతుల్లోనూ అదే రాయిని కొలిపించి, వచ్చిన రెండు జవాబులను పక్కపక్కన పెట్టిస్తాను.

అప్పుడు వస్తుంది అసలు ప్రశ్న. రెండు జవాబుల్లో ఏది నిజం? మా జాడీ మీద ఒక్కో మిల్లీలీటరుకు ఒక గీత. ప్రతి చూపులోనూ అర మిల్లీలీటరు అటూ ఇటూ కావచ్చు, రెండు చూపులు కలిస్తే ఒక మిల్లీలీటరు. అంటే ఘనపరిమాణం 24 నుంచి 26 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 67ను వాటితో భాగిస్తే సాంద్రత 2.58 నుంచి 2.79 దాకా వస్తుంది. క్యాలిక్యులేటర్ చూపించే అంకెలన్నీ రాయడం తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడమే. చిన్న గులకరాయి తీసుకుని 13 గ్రాములు, 5 మిల్లీలీటర్లు అని కొలిస్తే జవాబు 2.17 నుంచి 3.25 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి పెద్ద రాయి తీసుకో, లేదా పది గులకరాళ్లు ఒకేసారి వెయ్యి. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థం కాదని అనేవాళ్లు ఉన్నారు. అర్థమవుతుంది. నేను చూశాను. వాళ్లకు రానిది భాగహారమే, అదీ చేయగా చేయగా వస్తుంది.

ఆర్కిమెడిస్ కిరీటం కథను ప్రతి తరగతిలో చెబుతాం కదా, దాన్ని కూడా ఇలా కొలిచి చూడమంటాను. కిలో బరువున్న కిరీటం అనుకుందాం. పూర్తిగా బంగారమైతే 52 మిల్లీలీటర్లు. అందులో 300 గ్రాముల బంగారం తీసి అంతే వెండి కలిపితే 65. తేడా 13 మిల్లీలీటర్లు. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న పాత్రలో ఆ తేడాకు నీటి మట్టం అర మిల్లీమీటరు కూడా పెరగదు. కంటితో పట్టుకోగలమా? ఈ అనుమానమే 1586లో ఇరవై రెండేళ్ల గెలీలియోకు వచ్చింది. పొర్లిన నీటిని కొలిచే పద్ధతి మోటుదని, ఆర్కిమెడిస్ నీటిలో ముంచి తూచే త్రాసునే వాడి ఉంటాడని చిన్న వ్యాసం రాశాడు. కథను కథగా వినడం వేరు, కొలత చేతిలో పెట్టుకుని కథను నిలదీయడం వేరు.

గ్రాఫు గురించి ఒక మాట చెప్పాలి. సాంద్రతను ఒకే వస్తువుతో, ఒకే కొలతతో తేల్చేయడం సగం పాఠమే. మేము ఇనుప నట్లు తీసుకుంటాం. అయిదు, పది, పదిహేను, ఇరవై, అలా పెంచుకుంటూ ప్రతిసారీ ద్రవ్యరాశి, ఘనపరిమాణం రాసి గ్రాఫు గీస్తాం. చుక్కలన్నీ ఒకే గీత మీదికి వస్తాయి, ఆ గీత వాలే సాంద్రత. ఎన్ని నట్లు వేసినా వాలు మారదు. "పెద్ద ముక్కకు సాంద్రత ఎక్కువ" అనే మొండి నమ్మకం అక్కడ పోయినట్టు మరెక్కడా పోదు. కిందటేడు ఒక జట్టుకు గీత సున్నా గుండా పోలేదు, 46 గ్రాముల దగ్గర మొదలైంది. తప్పెక్కడో వెతకమన్నాను. పావుగంట తర్వాత ఒక పిల్లవాడు నట్లు పోసిన స్టీలు గిన్నెను ఖాళీగా తూచాడు. సరిగ్గా 46. గిన్నె బరువు తీసేయడం మరిచిపోయారు. ఆ జట్టు మొహాల్లో వెలుగు అంతా ఇంతా కాదు. ఆ ఏడాదే లెక్కల తరగతిలో రేఖీయ సమీకరణాలు చెబుతారు. రెండు పాఠాలనూ ఒకే నెలలో వచ్చేలా వార్షిక ప్రణాళికలో సర్దండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక, పిల్లలు జవాబు చెరిపేసుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషి లార్డ్ రేలీ. వాయువుల సాంద్రతను ఏళ్ల తరబడి తూచిన భౌతిక శాస్త్రవేత్త. గాలి నుంచి తీసిన నత్రజని, అమ్మోనియా వంటి రసాయనాల నుంచి తీసిన నత్రజని కంటే కాస్త బరువు తూగింది. మొదట్లో ఆ తేడా వెయ్యింట ఒక వంతు. ఆయన దాన్ని చెరిపేయలేదు. 1892లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి, ఇది నాకు అంతుబట్టడం లేదు, కారణం తెలిసినవాళ్లు చెప్పండని బహిరంగంగా అడిగాడు. తర్వాత ఆ తేడాను తగ్గించే దారి కాదు, పెంచి చూపించే దారి వెతికాడు. పూర్తిగా రసాయనాల నుంచే తీసిన నత్రజనితో పోల్చాక అది దాదాపు అర శాతమైంది. లీటరుకు 1.2572 గ్రాములు ఒకవైపు, 1.2505 గ్రాములు మరోవైపు. విలియం రామ్సేతో కలిసి వెతికితే 1894లో ఆ అర శాతం వెనుక కొత్త మూలకం బయటపడింది. అదే ఆర్గాన్. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉండి కూడా అప్పటిదాకా ఎవరికీ పట్టుబడలేదు. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి, రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయన శాస్త్రంలో. రేలీ మన బడిలో చదివి ఉంటే ఆ అర శాతాన్ని ఎవరు మిగలనిచ్చేవారు?

నా పిల్లలందరూ ఆర్గాన్ కనిపెట్టాలని నేను అడగడం లేదు. తాము చూసింది తాము రాసే ధైర్యం వాళ్లకు ఇవ్వమంటున్నాను. దానికి మీ చేతిలో ఉన్న పనులు పెద్దవి కావు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో సాంద్రత ప్రయోగానికి ఇచ్చే మార్కుల్లో సగానికి పైగా చెరపని కొలతల పట్టికకు, దోషం ఎక్కడ వచ్చి ఉంటుందో రాసిన రెండు వాక్యాలకు కేటాయించండి. పట్టికను పెన్నుతోనే రాయించండి, తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలని చెప్పండి. ఎవరికీ ముందే జవాబు తెలియకుండా ఏ బడిలో రాయిని ఆ బడివాళ్లే ఏరుకోవాలని చెప్పండి. నలుగురు పిల్లలకు ఒక త్రాసు, ఒక ప్లాస్టిక్ కొలజాడీ అందేలా చూడండి. ఆ పాఠానికి రెండు పీరియడ్లు కలిపి ఇప్పించండి, ఒక్క పీరియడులో నలభై ఎనిమిది మంది రాళ్లు కడిగి, ఆరబెట్టి, తూచేసరికే గంట కొడతారు. ఇక మాకిచ్చే శిక్షణ తరగతుల్లో తెర మీద బొమ్మలు చూపించడం కొంచెం తగ్గించి, మా చేతికీ ఒక రాయి, ఒక దారం ఇవ్వండి. మాలో చాలామంది ఈ ప్రయోగాన్ని స్వయంగా ఎన్నడూ చేయలేదు. ఆ సంగతి నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గుపడతాం. ఒక్కసారి చేస్తే ఆ సిగ్గు పోతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంది. పాత రికార్డు పుస్తకం నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ పేజీలో 75 కింద 79 గాడి ఉంది. దాని పక్కన ఆమె తర్వాత పెన్నుతో రాసిన వాక్యం ఉంది: "మొదట నిలబడి చూశాను, అందుకని 79 వచ్చింది." మా బడికి తనిఖీకి వచ్చే అధికారికి ముందుగా ఆ పేజీయే చూపిస్తాను. ఎర్ర సిరా పెన్ను తీయకముందు ఆ వాక్యం చదవమని, చదివాక ఆ పిల్లను పిలిచి "ఎలా కనిపెట్టావమ్మా?" అని అడగమని కోరుతున్నాను.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాల